గోలి చాలదా?

శివరాత్రి జాతరకు పాలకుర్తి వచ్చిన చుట్టాల్లో మా అక్క, మా అబ్బాయి ఉన్నారు. అక్క స్టాఫ్ నర్సు. ఉద్యోగంలో చివరి భాగమంతా ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక ఏఆర్‌టీ కేంద్రంలో, అంటే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే చోట, పనిచేసి రిటైరైంది. అబ్బాయి హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో ఆ వైరస్ ప్రోటీన్ల మీదే పరిశోధన చేస్తున్నాడు. ఇద్దరి బతుకూ ఒకే వైరస్ చుట్టూ తిరిగింది. అయినా ఆ విషయంలో ఇద్దరికీ పడదు. వాడికి మనిషి కనబడడని ఆమె, అత్తమ్మకు వైరస్ కనబడదని వాడు. సోమేశ్వరుడి గుట్ట మీంచి మైకు మోగుతుంటే మా ఇంటి అరుగు మీద వాళ్లు వాదించుకున్నది వాళ్ల మాటల్లోనే రాస్తున్నాను. నేను తీర్పు చెప్పేవాణ్ని కాను. అట్లాగని పక్షం లేనివాణ్నీ కాను, తోచింది మధ్యలో చెప్తాను.

అక్క: ఏం అల్లుడా, ఇంకా ఆ విఫ్ చుట్టే తిరుగుతున్నవా? నేను కేంద్రంల ఇచ్చిన మందుల పేర్లు నిద్రల లేపి అడిగినా చెప్త. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. మూడు కలిపి ఒక్క గోలి, రోజుకొక్కటి. అందుల ఏదీ నీ విఫ్‌ను ముట్టదు, నీ నెఫ్‌ను ముట్టదు. అయినా మనిషి బతుకుతున్నడు, పనికి పోతున్నడు, పెండ్లి చేసుకుని పిల్లల్ని కంటున్నడు. ఇగ నీ చదువు ఎవలికి?

అబ్బాయి: ముట్టదు, ఒప్పుకుంటున్న. మొదటి రెండు, వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా రాసుకునే ఎంజైమును ఆపుతయి. మూడోది ఆ డీఎన్‌ఏను మన క్రోమోజోముకు అతికించే ఎంజైమును ఆపుతది. విఫ్, వీపీఆర్, వీపీయూ, నెఫ్, ఈ నాలుగు అనుబంధ ప్రోటీన్ల మీద ఆమోదం పొందిన మందు ఒక్కటి కూడా లేదు. కానీ అత్తమ్మా, గోలి వైరస్‌ను ఆపుతది, వెళ్లగొట్టదు. మానేస్తే చాలామందిలో కొన్ని వారాలకే మళ్ల లేస్తది. ఎందుకు వెళ్లగొట్టలేకపోతున్నమో తెలవాలంటే ఈ నాలుగింటి పని తెలవాలె.

అక్క: మానేస్తే లేస్తదని నాకు చెప్తున్నవా? బతుకుదెరువుకు సూరత్ పోయి, భివండి పోయి, అక్కడి కేంద్రానికి కార్డు మార్పించుకోక, గోలి లేకుండ నెలలు గడిపి టీబీతోని తిరిగొచ్చినోళ్లను నేను చూసిన. 2004 ఏప్రిల్‌ల సర్కారు ఉచితంగ మందు మొదలువెట్టినప్పుడు సీడీ4 లెక్క, అంటే రక్తంల రక్షణ కణాల లెక్క, 200 కిందికి పడితేనే ఇచ్చేది. అంటే మనిషి సగం పోయినంక మందు. అప్పటి స్టావుడిన్‌తోని చెంపలు పీక్కపోయేటివి. ఆ చెంపలు చూసి ఊరోళ్లు పసిగట్టేటోళ్లు. అందుకే మందు మానేసెటోళ్లు. 2017 సంది పాజిటివ్ అని తేలంగనే మందు మొదలుపెడుతున్నరు, లెక్క చూసేది లేదు. నా దృష్టిల పెద్ద గెలుపు అది. దేశంల పెద్దోళ్లల్ల హెచ్‌ఐవీ 0.2 శాతం ఉంటే తెలంగాణల దానికి రెట్టింపు, ఆంధ్రల సుమారు మూడింతలు. ఈ లెక్క దించేది గోలి, పరీక్ష, ఇంటికి పోయి మాట్లాడే మనిషి.

అబ్బాయి: ఒక్క మాట అడుగుత. నీ దగ్గరికి వచ్చినోళ్లు ఎప్పుడన్న అడిగిన్రా, ఒంట్ల రక్షణ ఉంటదంటరు గదా, నాకెందుకు లేకపాయె అని?

అక్క: అడగనోళ్లు తక్కువ. "నా రక్తం వీక్ మేడం" అంటరు. "నా కర్మ" అంటరు. ఒకామెకు భర్త నుంచి వచ్చింది. ఆమె ఎన్నిసార్లు చెప్పినా తన ఒంట్లనే ఏదో తక్కువుందని నమ్మేది.

అబ్బాయి: నేను చదివేది ఆమె ప్రశ్నకు జవాబే.

(ఇక్కడ అక్క మాట్లాడలేదు. ఒప్పుకుని కాదు, వాడేం చెప్తాడో చూద్దామని. నాకు మాత్రం వాదన అసలు ఇక్కడే మొదలైందనిపించింది.)

అబ్బాయి: హెచ్‌ఐవీ జన్యుపటం మొత్తం దాదాపు 9,700 అక్షరాలు. మనది మూడు వందల కోట్లు. దానికి ఉన్నయి తొమ్మిది జన్యువులే. గ్యాగ్, పోల్, ఎన్వ్ వైరస్ ఒంటిని కడుతయి. టాట్, రెవ్ జన్యువులను నడిపిస్తయి. మిగిలిన నాలుగు ఎందుకున్నయో మొదట్ల ఎవరికీ తెలవలే. ఎందుకంటే వాటిని తీసేసినా ప్రయోగశాలల కొన్ని కణాలల్ల వైరస్ మంచిగనే పెరిగేది. విఫ్ సంగతే చూడు. విఫ్ లేని వైరస్ సీఈఎం-ఎస్ఎస్ అనే కణాలల్ల పెరుగుతది. దానికి దాయాది అయిన సీఈఎం కణాలల్ల పెరగదు. మనిషి రక్తం నుంచి తీసిన టీ కణాలల్లనూ పెరగదు. దీనికి రెండే కారణాలు ఉండొచ్చు. పెరగని కణంల వైరస్‌కు కావల్సినదేదో లేకపోవాలె, లేకుంటే వైరస్‌ను ఆపేదేదో ఉండాలె.

అక్క: ఎట్ల తేల్చిన్రు?

అబ్బాయి: రెండు రకాల కణాలనూ కలిపి ఒకే కణంగ చేసిన్రు, 1998ల. కావల్సినది లేకపోవుడే కారణమైతే, కలిసిన కణంల అది దొరుకుతది, వైరస్ పెరగాలె. పెరగలే. అంటే ఆపేదేదో ఉన్నది. దాని పేరు తేలనీకి ఇంకో నాలుగేండ్లు పట్టింది. 2002ల మైకేల్ మాలిమ్ బృందంల ఆన్ షీహీ వాళ్లు ఆ జన్యువును పట్టుకున్నరు. ఇప్పుడు దాన్ని ఏపోబెక్-3జీ అంటున్నం. అది నీలో ఉన్నది, నాలో ఉన్నది, ఆ "రక్తం వీక్" అన్నామె ఒంట్ల కూడా ఉన్నది.

అక్క: ఉండి ఏం చేస్తది?

అబ్బాయి: విఫ్ లేకుంటే చేసే పని చెప్త. కొత్త వైరస్ కణం నుంచి బయటికి పోయేటప్పుడు ఏపోబెక్ అణువులు కొన్ని అందుల ఎక్కి కూసుంటయి. కొన్నే, గుప్పెడు కూడా కాదు. ఆ వైరస్ ఇంకో కణంలకు పోయి తన డీఎన్‌ఏ రాసుకునేటప్పుడు, రాస్తుండంగనే ఏపోబెక్ సీ అనే అక్షరాన్ని యూ చేస్తది. దాని జత పోగు రాసేసరికి జీ ఉండాల్సిన చోట ఏ వస్తది. ఒక్క చోట కాదు, జన్యుపటం పొడుగునా. టీజీజీ అంటే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం పెట్టుమని. అది టీఏజీ అయితే ఇక్కడ ఆపుమని. ప్రోటీన్ సగంలనే తెగిపోతది. ఆ వైరస్ ఇగ పనికిరాదు.

అక్క: ఇంత ఉన్నంక రోగం ఎట్ల వచ్చె?

అబ్బాయి: విఫ్ ఉన్నది గనుక. అయితే విఫ్ స్వయంగ దాన్ని ముక్కలు చెయ్యదు. మన కణంల పాడైన ప్రోటీన్లను గుర్తువెట్టి పారేసే ఏర్పాటు ఉంటది. యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను గుర్తుగ తగిలిస్తరు, గుర్తు పడ్డదాన్ని ప్రోటియసోమ్ నమిలేస్తది. విఫ్ ఒక చేత్తోని ఏపోబెక్‌ను పట్టుకుంటది, ఇంకో చేత్తోని మన కల్లిన్-5 అనే గుర్తువెట్టే యంత్రాన్ని పట్టుకుంటది. ఇది 2003ల తేలింది. విఫ్ నిలబడాలంటే మనదే ఇంకో ప్రోటీన్, సీబీఎఫ్-బీటా, ఆసరా కావాలని 2012ల తేలింది. అంటే దుండగం వైరస్‌ది, పనిముట్లన్నీ మనయి. పాలకుర్తి వాళ్లకు ఇది వేరే చెప్పాల్నా అత్తమ్మా? చాకలి ఐలమ్మ పంట మీదికి విసునూరు దేశ్‌ముఖ్ తాను స్వయంగ కొడవలి పట్టుకుని వచ్చిండా? ఊరి పట్వారీ ఉండె, కాగితం ఉండె, పంపితే వచ్చే మనుషులు ఉండిరి. ఊరిని నడపనీకి పెట్టిన ఏర్పాటే ఊరి మనిషి మీదికి తిరిగింది.

అక్క: పోలిక బాగనే ఉన్నది గని ఒకకాడ కుదరలే. దొరకు దురాశ ఉండె, కక్ష ఉండె. వైరస్‌కు ఏముంటది? అది ఆలోచిస్తదా? నువ్వు దుండగం, శత్రువు, యుద్ధం అని ఉపన్యాసం చెప్తే, వినేటోడికి వైరస్ కనబడదు. దాన్ని మోస్తున్న మనిషి కనబడ్తడు. పళ్లెం వేరు, గిలాస వేరు, పడక వేరు పెట్టిన ఇండ్లకు నేను పోయిన. ఎయిడ్స్ మీద యుద్ధం అని గోడల మీద రాసిన కాలంల ఆ యుద్ధం ఎవల మీద జరిగిందో నాకు ఎరుకే.

(ఈ మాట దగ్గర నేను పూర్తిగా అక్క పక్షం. వైరస్ గురించి రాసేవాళ్లం, నాతో సహా, యుద్ధభాష తేలిగ్గా వాడేస్తాం. ఆ భాషలో రోగి ఒళ్లు రణరంగమవుతుంది. రోగి మాత్రం ఎక్కడా ఉండడు.)

అబ్బాయి: సరే, దుండగం అన్న మాట తీసేస్త. జరిగింది ఇట్ల చెప్త. వైరస్ తన జన్యుపటాన్ని రాసుకునేటప్పుడు తప్పులు మస్తు చేస్తది. ఏ తప్పు వల్ల మన రక్షణ నుంచి తప్పించుకున్నదో అది మిగుల్తది, మిగతావి పోతయి. ఇది నిన్న మొన్నటిది కాదు. 2004ల సారా సాయర్, మైకేల్ ఎమర్మన్, హర్మీత్ మాలిక్ పలు కోతి జాతుల ఏపోబెక్ జన్యువులను పోల్చి చూసిన్రు. ఈ జన్యువు కనీసం 3.3 కోట్ల ఏండ్ల సంది వేగంగ మారుతున్నదని తేల్చిన్రు. అంటే హెచ్‌ఐవీ పుట్టకముందు ఎన్నో వైరస్‌లు వచ్చినయి, పోయినయి. ఎలుకకు ఈ ఏపోబెక్-3 కుటుంబంల ఒక్క జన్యువుంటే మనకు ఏడున్నయి. అందుకే అంటున్న, మన ఒంట్ల బలముంది. ఆ బలాన్ని విడిపిస్తే చాలు. ఏపోబెక్‌ల 128వ స్థానంల ఉన్న ఒక్క అమైనో ఆమ్లం మారితే మనిషి వైరస్ విఫ్‌కు పట్టు దొరకదు. ఆఫ్రికా పచ్చకోతికి అక్కడ వేరే అమైనో ఆమ్లం ఉన్నది, మన హెచ్‌ఐవీ విఫ్ దాని ఏపోబెక్‌ను ఏం చెయ్యలేదు. అంత చిన్న పట్టు అది. దాన్ని విడిపించే అణువు దొరికితే మిగతా పని ఒళ్లే చూసుకుంటది.

అక్క: విడిపించుడు పూర్తిగ కాకపోతే? సగమే విడిస్తే? గోలి సగం సగం వేసుకునేటోళ్లల్ల ఏమైతదో నాకు తెల్సు. వైరస్ చావదు, ముదురుతది. నీ ఏపోబెక్ కూడా అక్షరాలే మారుస్తది అంటివి గదా. కొద్దిగ మారిస్తే వైరస్‌కు కొత్త తెలివి రాదా?

(వాడు వెంటనే జవాబు చెప్పలేదు. పరిశోధకుల మధ్య ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్నను, ఆ పరిశోధన చదవని నర్సు తన అనుభవంలోంచి తీసి ముందు పెట్టింది.)

అబ్బాయి: వస్తది. నీ లామివుడిన్‌కు వైరస్ లొంగకుండ చేసే మార్పులల్ల ఒకటి, ఎంజైముల 184వ స్థానంల మెథియోనిన్ పోయి ఐసోల్యూసిన్ వచ్చుడు. ఏటీజీ కాస్త ఏటీఏ అయితే చాలు. జీ పోయి ఏ, అచ్చంగ ఏపోబెక్ చేసే మార్పే. విఫ్ బలహీనంగ ఉన్న వైరస్‌లల్ల ఈ మార్పు ఏపోబెక్ వల్లనే రావచ్చని ప్రయోగాలు చూపించినయి. అందుకే విఫ్‌ను ఆపే మందు ఆపితే పూర్తిగ ఆపాలె. 2008 నుంచే అట్లాంటి అణువులు ప్రయోగశాలల దొరుకుతున్నయి. దవాఖాన దాకా ఏదీ రాలే.

అక్క: ఇన్నేండ్ల సంది దొరుకుతున్నయి, రాలే. నేను అన్నది అదే గదా.

అబ్బాయి: అన్నవు. కానీ మందు ఒక్కటే లెక్కనా? ఈ వైరస్ పాలకుర్తి దాకా ఎట్ల వచ్చిందన్నది తెల్సుకోవద్దా? వీపీయూ కథ విను. మన కణాల మీద టెథరిన్ అని ఒక ప్రోటీన్ ఉన్నది. పుట్టిన వైరస్‌లు విడిపోకుండ కణం అంచుకే కట్టేసి ఉంచుతది. చింపాంజీల కూడా టెథరిన్ ఉన్నది. చింపాంజీ వైరస్ దాన్ని నెఫ్‌తోని తప్పించుకుంటది. కానీ మనిషి టెథరిన్‌ల, నెఫ్ పట్టుకునే చోట, ఐదు అమైనో ఆమ్లాలు లేవు. మన పూర్వీకులల్ల ఎప్పుడో పోయినయి. అందుకని చింపాంజీ నుంచి మనిషికి దాటిన వైరస్‌కు నెఫ్ అక్కరకు రాలే. చింపాంజీల నుంచి, గొరిల్లాల నుంచి మనిషికి దాటుడు కనీసం నాలుగుసార్లు జరిగింది. ఎం, ఎన్, ఓ, పీ అని నాలుగు గుంపులు. ఎం గుంపుల వీపీయూ మారి, టెథరిన్‌ను తీసేసే పని నేర్చుకున్నది. 2008ల టెథరిన్ దొరికింది, 2009ల ఈ లెక్క తేలింది. పీ గుంపు ఇద్దరిలనే దొరికింది, ఎన్ గుంపు ఇరవై మందికి మించలే, ఓ గుంపు పశ్చిమ, మధ్య ఆఫ్రికా దాటి పెద్దగ పోలే. ప్రపంచమంతా పాకింది ఎం ఒక్కటే. మన దేశంల ఉన్నది ఎక్కువగ అందుల సి ఉపరకం.

అక్క: అంటే వీపీయూ లేకుంటే ఈ మహమ్మారే లేదంటవా? ఆఫ్రికాల కిన్షాసా నుంచి రైళ్లు, పట్నానికి వలసలు, ఒకే సూదితోని వంద మందికి ఇంజెక్షన్లు, ఇవేవీ లేకుంటే నీ వీపీయూ ఒక్కతే ఖండాలు దాటునా?

అబ్బాయి: ఒక్కతే దాటదు. కానీ అవే రైళ్లు, అవే సూదులు ఉన్న కాలంల మిగతా గుంపులు ఎందుకు ఆగిపోయినయి? టెథరిన్ ఒక్కటే కారణమని అనను. ఒక కారణమనైతే గట్టిగ అంట.

(నాకు ఈ భాగమే అన్నింటికన్నా విలువైనదిగా అనిపిస్తుంది. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల ఈ దేశంలో మొదటి హెచ్‌ఐవీ కేసులు కనిపెట్టిన నాటి నుంచి మనం ఈ జబ్బు గురించి మాట్లాడిందంతా మనుషుల నడవడి గురించే. ఎవరు ఎవరితో ఉన్నారు, ఎవరు తప్పు చేశారు. ఐదు అమైనో ఆమ్లాల లోటు, దాన్ని దాటిన ఒక ప్రోటీన్, ఈ సంగతుల్లో ఎవరి నడవడీ లేదు.)

అబ్బాయి: నెఫ్ సంగతి చెప్పకుంటే నా వాదన పూర్తి కాదు. జబ్బు పడ్డ కణం తన లోపల తయారవుతున్న ప్రోటీన్ల తునకలను పైన పరిచి చూపిస్తది. దాన్ని చూసి చంపే టీ కణాలు వస్తయి. ఆ తునకలను పట్టుకుని చూపే హెచ్‌ఎల్‌ఏ-ఏ, హెచ్‌ఎల్‌ఏ-బీ అణువులను నెఫ్ లోపలికి గుంజేస్తది. అన్నీ గుంజేస్తే ఇంకో చిక్కు, ఏ అణువూ లేని కణాలను సహజ హంతక కణాలు చంపుతయి. అందుకే హెచ్‌ఎల్‌ఏ-సీని నెఫ్ ముట్టదు. కణం పైన ఉండే సీడీ4 ప్రోటీన్‌ను కూడా నెఫ్ తీసేస్తది. పైన సీడీ4 మిగిలితే వైరస్ తొడుగు ప్రోటీన్ దానికి అతుక్కుని విప్పారి, యాంటీబాడీలకు దొరికిపోతది. 2015ల ఇంకోటి తేలింది. సెరింక్-5 అనే మన ప్రోటీన్ వైరస్ తొడుగుల చేరితే ఆ వైరస్ కొత్త కణంలకు పోలేదు. నెఫ్ దాన్ని కూడా తప్పిస్తది. ఇటలీల మాసిమో పిజాటో బృందం చేసిన ఆ పనిల అజిత్ చాందే ఉన్నడు, ఇప్పుడు భోపాల్ ఐసర్‌ల ఉన్నడు.

అక్క: వీపీఆర్‌ను వదిలేసినవు.

అబ్బాయి: వీపీఆర్ కణ విభజనను సగంల ఆపుతది, మన ప్రోటీన్లు చాలా వాటిని పారేయిస్తది. వాటిల అసలు గురి ఏదన్నది ఇంకా చర్చలనే ఉన్నది. హెచ్‌ఐవీ-2 అనే ఇంకో రకంల దానికి చుట్టం వీపీఎక్స్ ఉన్నది. అది శామ్‌హెచ్‌డీ-1 అనే మన ప్రోటీన్‌ను తీసేస్తదని 2011ల తేలింది. ఈ వీపీఎక్స్ కణ కేంద్రకంలకు ఎట్ల పోతదన్న దాని మీద మన హైదరాబాద్ సీడీఎఫ్‌డీల మహాలింగం గారి బృందం అంతకు ఎంతో ముందే, 2003 ప్రాంతంలనే, పనిచేసింది.

అక్క: సరే, నెఫ్ తీసేస్తే వైరస్ చచ్చుబడ్తదా?

అబ్బాయి: ఆస్ట్రేలియాల జరిగింది. సిడ్నీల ఒక రక్తదాత, ఆయన రక్తం ఎక్కించుకున్నోళ్లు కొందరు. అందరికీ హెచ్‌ఐవీ సోకింది, కానీ మందు లేకుండనే ఏండ్ల తరబడి ఆరోగ్యంగ ఉన్నరు. 1995ల చూస్తే వాళ్ల వైరస్‌ల నెఫ్ జన్యువు తునక ఎగిరిపోయి ఉన్నది. కోతులల్ల కూడా అంతే. నెఫ్ తీసేసిన వైరస్‌ను టీకాగ ఇస్తే పెద్ద కోతులకు రక్షణ వచ్చింది.

అక్క: తర్వాత?

అబ్బాయి: తర్వాత... నెఫ్‌తోపాటు ఇంకొన్ని తునకలు తీసేసిన వైరస్ కూడా అప్పుడే పుట్టిన కోతిపిల్లలకు జబ్బు తెచ్చింది. సిడ్నీ వాళ్లల్ల కొందరికి ఏండ్లు గడిచినంక సీడీ4 లెక్క పడిపోయింది.

అక్క: చూసినవా! మెల్లగ వస్తది, రాక మానదు. అందుకే నేను గోలిని వదల. ఆ గోలి ఎట్ల చవుకైందో తెల్సా? 1990ల మొదట్ల హైదరాబాద్ ఐఐసీటీల ఏ.వి. రామారావు గారు ఏజడ్‌టీ అనే హెచ్‌ఐవీ మందు తయారుచేసే పద్ధతి కనిపెట్టి సిప్లాకు ఇచ్చిండు. ఇయ్యాల ఆఫ్రికాల మింగే గోలీలల్ల మస్తు హైదరాబాద్ కంపెనీలవే. తెలుగోళ్లు ఈ వైరస్‌కు అడ్డం నిలబడ్డది మందు ఫ్యాక్టరీలల్ల, అల్లుడా.

అబ్బాయి: ఆ ఫ్యాక్టరీల నుంచే నా వాదన మొదలుపెడ్త. లెనకపావిర్ పేరు విన్నవు గదా. ఆరు నెలలకొక సూది. 2024ల ఆఫ్రికాల చేసిన పరీక్షల, ఆ సూది తీసుకున్న 2,134 మంది ఆడవాళ్లల్ల ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలే. అది పట్టుకునేది వైరస్ లోపలి పెంకును. ఆ పెంకును గురించి ఏండ్ల తరబడి చదివినోళ్లు ఉన్నరు. మన కణాలకు దొరక్కుండ అది డీఎన్‌ఏను ఎట్ల దాస్తది, కోతులల్ల ట్రిమ్-5 ఆల్ఫా అనే ప్రోటీన్ ఆ పెంకును ఎట్ల పట్టేస్తది అని. అది కూడా కణం రక్షణకు, వైరస్‌కు నడుమ జరిగేదే, నేను చదివే పాఠమే. ఆ చదువు లేకుంటే పెంకు మందుకు గురి అవుతదని ఎవరికి తోచేది? డాక్టర్ రెడ్డీస్, హెటిరో, రెండూ మన హైదరాబాద్‌వే, 2027 నుంచి ఏడాదికి మనిషికి 40 డాలర్లకు ఇస్తమని 2025ల ప్రకటించినయి. నెఫ్ కూడా అట్లనే. నిద్రపోతున్న కణాలల్ల వైరస్ ఏ ప్రోటీనూ చెయ్యదు, అందుకే గోలికి, మన టీ కణాలకు దొరకదు. దాన్ని లేపి చంపుదమని చూస్తున్నరు. లేపంగనే మొదట తయారయ్యే వాటిల నెఫ్ ఒకటి. లేచిన కణాన్ని అది మళ్ల దాచేస్తది. నెఫ్‌ను ఆపకుంటే లేపి లాభం లేదు.

అక్క: అది వచ్చిననాడు నేనే ముందు చప్పట్లు కొడ్త. అప్పటిదాకా మనిషి బతికి ఉండాలె గదా.

అబ్బాయి: ఉండాలె. గోలి మానుమని నేను ఎన్నడన్న అన్ననా?

అక్క: అనలే. గని నువ్వు చెప్పేది వాళ్ల దాకా ఎన్నడన్న తెచ్చినవా? ఇంగ్లిష్‌ల రాస్తవు, విదేశాల పత్రికకు పంపుతవు. ఆ "రక్తం వీక్" అన్నామెకు ఇప్పుడు నువ్వు చెప్పు. నేనే ఆమె అనుకో. యుద్ధం అన్న మాట రావద్దు.

అబ్బాయి: అమ్మా, నీ రక్తంల లోపం లేదు. ఈ వైరస్‌ను పాడుచేసే ప్రోటీన్లు అందరి ఒంట్ల ఉన్నట్టే నీ ఒంట్ల ఉన్నయి. కోట్ల ఏండ్ల సంది ఉన్నయి. ఈ వైరస్ వాటిని తప్పించుకునే మార్పులు పొందింది. నువ్వు చేసిన దానికీ దీనికీ సంబంధం లేదు. నీ ఒంట్లకు వచ్చేముందే అది ఆ మార్పులతోని వచ్చింది. గోలి వేసుకుంటే కొత్త వైరస్‌లు పుట్టవు, ఉన్నయి కొన్ని నిద్రపోతయి. మానేస్తే అవి లేస్తయి, లేచిన కణం మన కాపలాకు కనబడదు. అందుకే నీకు మంచిగ అనిపించిన రోజు కూడా గోలి వేసుకోవాలె.

అక్క: చివరి మాట ముందు చెప్పు. మిగిలింది తర్వాత. కేంద్రంల ఒక్కొక్కరితోని మాట్లాడనీకి దొరికేది కొంచెం సేపే. కానీ "నీ రక్తంల లోపం లేదు" అన్న మాట ఉంచు. అది నేను ఇన్నేండ్లు చెప్పిన, గని ఎందుకు లేదో చెప్పలేకపోయిన.

వాదన అక్కడితో తెగలేదు, అన్నానికి లేచేదాకా సాగింది. నా మాట ఇది. నెఫ్ మందు వచ్చేదాకా గోలే దిక్కు, ఆ విషయంలో అక్క చెప్పినదానికి తిరుగులేదు. కాని హెచ్‌ఐవీ ఉన్న మనిషికి గోలి ఇచ్చి పంపడంతో మన బాధ్యత తీరదు. ఆమె ఒంట్లో ఏం జరుగుతున్నదో ఆమెకు తెలుగులో చెప్పడం కూడా వైద్యమే. అది చెప్పగలిగినవాళ్లు ప్రయోగశాలల్లో ఉన్నారు. వాళ్లు కేంద్రాలకు రావాలి, కేంద్రాల్లోని కౌన్సెలర్లు వాళ్లను పిలవాలి.

చదువుతున్నవాళ్లకు నాలుగు మాటలు. హెచ్‌ఐవీ పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం, మందూ ఉచితం. క్రమంగా మందు వేసుకుని రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా ఉన్న మనిషి నుంచి లైంగికంగా మరొకరికి సోకదు. ఒకరికి హెచ్‌ఐవీ ఉందని వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టడం, ఉద్యోగంలోనో చదువులోనో వైద్యంలోనో వివక్ష చూపడం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం నిషిద్ధం. సందేహం ఉంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు.